ఆ బంగళాలో పిల్లవాడు లేడు

సినిమా మొదలై గంట కూడా కాలేదు. తెర మీద నిజాం కాలపు అడవి అధికారి అమీను బంగళా వరండా చూపించారు. మెట్ల మీద ఒక చెక్క గుర్రం పడి ఉంది. ఎర్ర రంగు వేసిన చిన్న గుర్రం. దాన్ని చూసిన క్షణంలోనే నాకు భయం మొదలైంది. నేను చదివిన పుస్తకంలో ఆ బంగళాలో పిల్లలు లేరు. అమీనుకు అసలు పెళ్ళే కాలేదు. అలాంటి ఇంట్లోకి బొమ్మ గుర్రాన్ని తెచ్చారంటే, దానితో ఆడుకునేవాణ్ణి కూడా తెస్తారు. తెచ్చి ఏం చేస్తారో, ఎవరి చేత చేయిస్తారో ఆ హాల్లో నాకొక్కదానికే ముందుగా తెలిసిపోయింది.

మా అమ్మాయి నా ఒళ్ళో నిద్రపోతోంది. అబ్బాయి బఠాణీలు నమలడం ఆపి ముందుకు వంగి చూస్తున్నాడు. ఇంటర్వెల్ తర్వాత నేను అనుకున్నట్టే జరిగింది. వాన, కోయ యువకుడి చేతిలో గొడ్డలి, మెట్ల మీద బోర్లాపడ్డ గుర్రం, దాని పక్కనే పిల్లవాడు. హాలంతా ముక్కులు ఎగబీల్చిన చప్పుడు. నాకు ఏడుపు రాలేదు. చేతులు చల్లబడ్డాయి, అంతే.

ఆ పుస్తకం నేను ఖమ్మంలో డిగ్రీ చదివే రోజుల్లో పాత పుస్తకాల బండి మీద కొన్నాను. ఒక రిటైరైన పంతులు రాసిన సన్నటి పుస్తకం. నిజాం కాలంలో అడవి మీద పెత్తనం చేసిన జంగ్లాత్ అమీను ఒకడు తన బంగళాలోనే గొడ్డలి దెబ్బకు చచ్చిపోయాడు. అతని చేత దెబ్బలు తిన్నవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నిండా ఉన్నారు. పోలీసులు మాత్రం ఒక కోయ యువకుణ్ణి పట్టుకుని, చేతులు కట్టి వరంగల్ జైలుకు నడిపించుకుపోయారు. అతను తిరిగి రాలేదు. చంపింది అతనో కాదో తనకు తెలియలేదని రచయిత చివరి పేజీలో ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాట వల్లే ఆ పుస్తకాన్ని దాచుకున్నాను. పెళ్ళై సారపాక వచ్చినప్పుడు బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్నాను.

జైలుకు పోయినవాడు మా అవ్వకు పెద్దయ్య, అంటే వాళ్ళ నాన్నకు అన్న. మా అవ్వ అంటున్నాను గానీ ఆమె మాకు చుట్టం కాదు. అడవి దారిలో బస్సు దిగి లోపలికి నడిచి వెళ్ళాల్సిన ఊరు ఆమెది. కూతురు పేపరు మిల్లుకు వచ్చే జామాయిలు కర్రకు తొక్క తీసే పనిలో కుదిరితే, కూతురితో పాటు ఇక్కడికి వచ్చేసింది. నేను ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పినంతసేపూ మా అమ్మాయిని ఆమే చూసుకునేది. వరండాలో కూర్చుని అడ్డాకులతో విస్తర్లు కుట్టేది. మా అమ్మాయి పక్కనే కూర్చుని పుల్లలు అందించేది. అలసిపోతే బొటనవేలు నోట్లో పెట్టుకుని ఆమె ఒళ్ళోనే పడుకునేది. రెండేళ్ళు అలా గడిచాయి.

ఆ పుస్తకం నేను ఒంటిపూట బడి రోజుల్లో మధ్యాహ్నాలు ఆమెకు చదివి వినిపించాను. అవ్వకు చదువు రాదు. కానీ తప్పులు ఆమే పట్టింది. రచయిత ఎండాకాలం అని రాస్తే కాదంది. "అప్పుడు వాగు నిండ పారుతాంది బిడ్డా. మా నాయిన ఒడ్డుకాడ్నే ఆగిపోయిండు. అన్న ఎనక దాటలేకపోయిండు." నేను ఆ పేజీ అంచున పెన్సిల్‌తో అది రాసుకున్నాను. అలాంటివి పుస్తకం నిండా పదో పదకొండో ఉన్నాయి.

ఆ కథనే సినిమా తీశారని తెలిసినప్పుడు అవ్వ సంబరపడలేదు, భయపడలేదు. తను హాలుకు రానంది. "మా పెద్దయ్యను ఎట్ల చూపిచ్చిండ్రో చూసొచ్చి చెప్పు బిడ్డా" అంది. నేను సరేనన్నాను.

ఆట అయిపోయి బయటికి వస్తుంటే గేటు దగ్గర లోకల్ కేబుల్ ఆయన మైకు పట్టుకుని నిలబడ్డాడు. మా పెళ్ళికి వీడియో తీసింది కూడా ఆయనే. పొట్ట ముందుకొచ్చిన, నవ్వు ముఖం మనిషి. నా ముందున్న ఇద్దరాడవాళ్ళు పాటలు బాగున్నాయన్నారు. తర్వాత మైకు నా ముఖం దగ్గరికి వచ్చింది. 'నేను ఈ పుస్తకం చదివాను, ఇందులో పిల్లవాడు లేడు' అనే వాక్యం నోటిదాకా వచ్చింది. వెనక జనం తోస్తున్నారు. భుజం మీద అమ్మాయి లేచి రాగం తీస్తోంది. మా ఆయన స్కూటర్ స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నారు.

"బాగుంది. పిల్లాడి సీన్‌లో ఏడుపొచ్చింది" అన్నాను.

బాగాలేదు. ఏడుపు రాలేదు.

మర్నాడు అవ్వ అడిగితే బాగానే తీశారని చెప్పి చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాను.

ఆ వారమంతా మా వీధిలో సినిమా మాటే. కుళాయి దగ్గర ఒకామె అది మన అడవే కాదంది, కొబ్బరిచెట్లు కనిపించాయట. స్కూల్లో సైన్సు టీచరు, అంత వానలో ఇప్పచెట్టు పూయడమేమిటని నిజంగానే కోప్పడింది. విలన్ పళ్ళు అంత తెల్లగా ఎలా ఉన్నాయని బట్టలు కుట్టే ఆమె అడిగింది. కోయభాష అంటూ మాట్లాడించింది ఏ భాషో ఎవరికీ అంతుపట్టలేదు. మిల్లులో వెదురు లోడింగ్ చేసే మా ఆయన స్నేహితుడు టీ తాగుతూ గొడ్డలి పట్టు చూసి నవ్వుకున్నానన్నాడు. "అట్ల కొడితే వెదురు తెగదక్కా, వాని కాలు తెగుతది."

చెట్లు, వాన, గొడ్డలి, భాష అన్నిటినీ అనుమానించారు. పిల్లవాడి మీద మాత్రం ఒక్కరికీ అనుమానం రాలేదు. గురువారం ఆడవాళ్ళ ప్రార్థనలో ఒక అక్క, అలాంటి చేతుల నుంచి మా బిడ్డల్ని కాపాడు ప్రభువా అని కన్నీళ్ళతో ప్రార్థించింది. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను.

ఇంటి ఓనరు ఆంటీ గోడ మీదుగా పిలిచింది. "టీవీల మంచిగ పడ్డవే. ఏడుపొచ్చిందన్నవ్ గద, నాక్కూడ గట్లనే అయ్యింది." తర్వాత గొంతు తగ్గించింది. "మీ అవ్వది గా దిక్కే గద? వాళ్ళ ఇంటిపేరు ఏంది?"

తెలియదన్నాను. తెలుసు. సినిమాలో ఆ ఇంటిపేరును మార్చకుండా అలాగే వాడుకున్నారు.

"ఆడపిల్లను ఇడిసిపెట్టి పోతవ్. ఏమో తల్లీ, నేనైతే ఉండలేను" అంది ఆంటీ.

మర్నాడు క్లాసులో బోర్డు మీద లెక్క రాస్తుంటే నాకు ఎర్ర గుర్రం కనిపించింది. చాక్‌పీసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ పిల్లవాడు లేడని తెలిసినదాన్ని నేను. పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్నదాన్ని నేను. అయినా నాకే భయం వేసింది. అదెలా వేసిందో ఇప్పటికీ చెప్పలేను. ఇది జరిగి ఏడాది దాటింది. మా ఆయన నైట్ షిఫ్టులో ఉండగా, పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. అప్పుడు నా లోపల ఏముందో గుర్తు తెచ్చుకోబోతే చల్లబడ్డ చేతులు తప్ప ఇంకేమీ గుర్తుకు రావడం లేదు.

మా ఆయన పెద్దగా ఏమీ అనలేదు. ఆమె మంచిదేననీ, ఎందుకైనా మంచిది కొద్దిరోజులు రావద్దని చెప్పమనీ అన్నారు. మా అమ్మ వస్తోందని అవ్వతో చెప్పాను. అది కూడా అబద్ధమే. అమ్మాయిని స్కూల్లో నర్సరీ పిల్లల మధ్య కూర్చోబెట్టుకుంటానని మేడమ్‌ను అడిగి ఒప్పించుకున్నాను. అవ్వ చేతిలో ఉన్న విస్తరి పూర్తిగా కుట్టి, మిగిలిన పుల్లల్ని కట్టకట్టి, మీ అమ్మ వచ్చినాక ఒకసారి వచ్చి కలిసిపోతానంది. నేను వంటింట్లోకి పోయి స్టీలు డబ్బాలో మామిడికాయ పచ్చడి పెట్టి ఇచ్చాను. ఎందుకిచ్చానో ఆమెకు అర్థమయ్యే ఉంటుంది.

పిల్లలకు ఏమీ చెప్పలేదు. చెప్పకపోయినా వాళ్ళకు అందింది. మా అబ్బాయి ఒక ఆట కనిపెట్టాడు. స్కేలు గొడ్డలి. చెల్లెలు అమీను కొడుకు. చంపేవాడికి వాడు సినిమాలో పేరు పెట్టలేదు, 'అవ్వ వాళ్ళ తాత' అన్నాడు. నేను పప్పు రుబ్బుతూ విన్నాను. లేచి వెళ్ళి ఆపలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాళ్ళు వరండాలో అదే ఆట ఆడుతున్నారు. గేటు తీసిన చప్పుడైంది. అవ్వ. ఆమెను చూడగానే అమ్మాయి కెవ్వుమని లోపలికి పరిగెత్తింది. అబ్బాయి వెనకే వచ్చి తలుపు మూసి గడియ పెట్టాడు. నేను వాణ్ణి పక్కకు జరిపి గడియ తీసి బయటికి వచ్చేసరికి అవ్వ గేటు మీద చెయ్యి వేసి అక్కడే నిలబడి ఉంది. రెండో చేతిలో మా స్టీలు డబ్బా. ఖాళీ డబ్బా ఇవ్వకూడదని దాని నిండా తునికి పండ్లు పోసి తెచ్చింది.

"మీ అమ్మ రాలేదా?" అంది.

రాలేదన్నాను.

"నిన్ను టీవీల చూసిన బిడ్డా. టీ కొట్టుకాడ ఏసిండ్రు." ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు సదివి ఇనిపిచ్చినవ్ గద. అండ్ల పోరడు లేడు గద?"

"లేడవ్వా."

"లేడు గద." ఆ మాట రెండోసారి తనకు తానే చెప్పుకుంది. "నాకూ గట్లనే యాదికుంది. గని నువ్వు సదువుకున్నదానివి, ఏడుపొచ్చిందంటివి. మా పెద్దయ్య గట్ల చేసిండేమో, మా నాయిన మాకు చెప్పకుండ దాచిండేమో అనుకున్న. రెండు దినాలు గట్లనే అనుకున్న."

డబ్బా గేటు దిమ్మె మీద పెట్టింది. తలుపు సందులోంచి చూస్తున్న పిల్లల వైపు ఒకసారి చూసి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది. నేను పిలవలేదు. రోడ్డు మలుపులో కర్ర లారీ అడ్డం వచ్చి, అది పోయేసరికి ఆమె కనబడలేదు. ఆ సాయంత్రం నేను వంట చేశాను, బట్టలు మడతపెట్టాను, పిల్లల పుస్తకాలకు అట్టలు వేశాను. ఏ పనీ ఆగలేదు.

మర్నాడు పొద్దున పాలు తాగేటప్పుడు ఇద్దరినీ చాప మీద కూర్చోబెట్టి ఆ పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. సినిమాలో చనిపోయిన బాబు నిజంగా లేడనీ, సినిమావాళ్ళే పెట్టారనీ, అవ్వ వాళ్ళ పెద్దయ్య ఏ పిల్లవాణ్ణీ ఏమీ చేయలేదనీ చెప్పాను. అబ్బాయి పుస్తకం తిప్పి పెన్సిల్ రాతలు చూశాడు.

"మరి నువ్వు టీవీల ఏడ్చిన అన్నవ్?"

"ఏడవలేదు. అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

"అందరు ఏడుస్తున్నరని."

వాడు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. అమ్మాయి నోట్లోంచి తునికి గింజ తీసి అరచేతిలో పెట్టుకుని, అవ్వ మళ్ళీ వస్తదా అని అడిగింది.

"నాకు తెల్వదు" అన్నాను. "సాయంత్రం మనమే వాళ్ళింటికి పోదాం. తలుపు ఎందుకేసిండ్రో మీరు చెప్పాలె. టీవీల అట్ల ఎందుకన్ననో నేను చెప్పాలె. వచ్చేది రానిది అవ్వ చెప్తది."