వంట చేసి చూసిన ఇల్లు

ఎండుచేపల మూలాన ఇళ్ళు ఖాళీ చేసినవాళ్ళం మేము. నవ్వకండి. శ్రీకాకుళంలో అద్దెకున్న ప్రతిచోటా ఇదే గొడవ. చేరేటప్పుడు "మా పిల్లల్లాంటోళ్ళు" అంటారు. ఓ ఆదివారం మా అత్త నాలుగు ఎండు నెత్తళ్ళు వేయించిందా, సాయంత్రానికల్లా ఓనరమ్మ మెట్ల దగ్గర ముక్కు నలుపుకుంటూ ప్రత్యక్షం. "ఏటమ్మా, పైన ఏదైనా సచ్చిందేటి?" అని అడిగింది ఒకావిడ. నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చిందే మరి! బతికున్న చేపను ఎవరైనా వేయిస్తారా? పైకి మాత్రం "లేదండీ, ఇంకెప్పుడూ వండం" అన్నాను. అద్దెకున్నవాళ్ళ నోరు అంతవరకే లేస్తుంది.

మాది కళింగపట్నం. ఒడ్డున ఇసుకలో చేపలు ఆరబెట్టుకునే ఇళ్ళలో పుట్టినవాళ్ళం, నేనూ మా బావా. బావంటే మా ఆయనే, మేనత్త కొడుకు. నేను ఇక్కడ ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. బావ సెల్ టవర్లకు రిపేర్లు చేస్తాడు. పాప పుట్టాక, మేమిద్దరం డ్యూటీలకు పోతే చూసుకునేవాళ్ళు లేరని అత్త ఊరు వదిలి మా దగ్గరకు వచ్చేసింది. ఆవిడకి మెతుకు గొంతు దిగాలంటే పక్కన ఎండుచేప ముక్క ఉండాల్సిందే. బంగారం అడగలేదు, పట్టుచీర అడగలేదు. ఆ ముక్క కూడా నేను దొంగతనంగా వేయించి, ఇల్లంతా అగరుబత్తులు గుచ్చి, "గబగబా తినేయత్తా" అని తొందరపెట్టేదాన్ని. ఒకరోజు ఆవిడ కంచం పక్కకి జరిపేసి, "వద్దులేయే, ఊరెల్లినపుడు తింతాను" అంది. కోపంగా అనలేదు. నన్ను కష్టపెట్టకూడదని అంది. నాకు ఏడుపు ఆగలేదు. సొంతిల్లు కొనాల్సిందేనని ఆ రోజే బావతో తెగేసి చెప్పాను.

మా జీతాలకు కొత్తిల్లు ఎక్కడిది? అపార్ట్‌మెంటు నేనే వద్దన్నాను, అక్కడ ముక్కులు ఇంకా ఎక్కువ. చిన్నదీ, పాతదీ, ఎవరూ పెద్దగా ఆశపడనిదీ వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. పాత వీధుల్లో, సందు చివర చిన్న డాబా ఇల్లు. కారు రాదు. పైగా వీధిపోటు, సందు తిన్నగా వచ్చి వాకిట్లోనే ఆగుతుంది. వాస్తు పట్టింపు ఉన్నవాళ్ళు గుమ్మం తొక్కకుండానే వెనక్కి పోయారట. అందుకే ధర మా చేతికి అందేటట్టు ఉంది. అమ్మేది రిటైరైన టీచరమ్మ, మిషన్ చర్చి మనిషి. బొబ్బిలిలో చెల్లెలితో కలిసి ఉండడానికి వెళ్ళిపోతోంది.

మొదటిసారి చూడ్డానికి బావకి కుదరక నేనూ అత్తా వెళ్ళాం. టీచరమ్మ తలుపు తీసి లోపలికి రమ్మంది. అత్త లోపలికి రాకుండా వాకిట్లోనే తలెత్తి నిలబడి, "మేడ మీదకి మెట్లున్నాయా అమ్మా?" అని అడిగింది. ఉన్నాయి. పైకెక్కాం. అత్త కొంగు కొస పట్టుకుని గాలికి వదిలి ఎటు ఎగురుతుందో చూసింది.

"సూడే, ఈదికి ఎదురుగుండా ఉన్నాది గదా, గాలి తిన్నంగొస్తంది! సేప ఇట్టే ఆరిపోతాది."

నాకూ హుషారొచ్చింది. పక్కింటి నీడ ఎంతవరకు పడుతుందో చూశాం. కాకులు వాలడానికి దగ్గర్లో చెట్టు లేదు. వల కట్టుకోవడానికి పిట్టగోడకు పాత ఇనుప కొక్కేలు కూడా ఉన్నాయి. నెత్తళ్ళు ఏ మూల, రొయ్యపొట్టు ఏ మూల అని అత్తాకోడళ్ళం వాటాలేసుకున్నాం. టీ చల్లారిపోతోందని టీచరమ్మ కిందనుంచి రెండుసార్లు కేకేస్తే దిగి, వాకిట్లోనే నిలబడి గడగడా తాగేసి వచ్చేశాం.

ఇంటికి రాగానే బావ అడిగాడు. "గదులెన్ని?"

నేను అత్త మొహం చూశాను. అత్త నా మొహం చూసింది.

"రెండుంతాయి," అంది అత్త.

"ఉంతాయేటి? సూళ్ళేదా?"

"మేడ బాగున్నాదిరా."

"వంటగదో?"

"ఉండకేటి? టీ ఇచ్చింది గదా ఆవిడ!"

బావ నెత్తి కొట్టుకున్నాడు. "ఇల్లు సూసి రమ్మంతే సేపలారబెట్టే సోటు సూసొచ్చారే, మీ ఇద్దరికీ ఓ దండం!" అని ఆ వారమంతా మమ్మల్ని ఏడిపిస్తూనే ఉన్నాడు. మా ఊరివాళ్ళెవరైనా అంతే చేసేవారని నేనూ గట్టిగానే అన్నాను.

రెండోసారి తనే మేస్త్రీని వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఈసారి అందరం లోపలికి వెళ్ళాం. ముందొక గది, దాని వెనక ఇంకో గది, ఆ వెనక ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలే వంటిల్లు. ఒక గోడకు చెమ్మ. స్లాబు ఒక మూల పెచ్చులూడి తుప్పుపట్టిన ఊచ కనిపిస్తోంది. వైరింగు ముట్టుకుంటే భయం వేసేలా ఉంది. మేస్త్రీ అక్కడా ఇక్కడా కొట్టి చూసి, "గోడలు గట్టివే. ఆ మూల బాగు సేయించండి, మిగతాది మెల్లగా సూసుకోవచ్చు" అన్నాడు. నేను చెప్పులు విడిచి ఎర్ర గచ్చు మీద అడుగుపెట్టాను. చల్లగా ఉంది. పాప అక్కడే బోర్లా పడుకుని చెంప ఆనించుకుంది. ఇంక లేవనంది. నాకు ఇల్లు నచ్చేసింది.

అప్పుడు చూశాను వంటింటి కిటికీలోంచి. ఛాతీ ఎత్తు ప్రహరీ, దాని అవతల సరిగ్గా ఎదురుగా పక్కింటివాళ్ళ వంటింటి కిటికీ. వాళ్ళెలాంటివాళ్ళని అడిగాను.

"బంగారంలాంటి మనుషులమ్మా," అంది టీచరమ్మ. "మొగుడూ పెళ్ళామే ఉంటారు. నీసు ముట్టరు."

నేను కిటికీ దగ్గర్నుంచి ఆవిడవైపు తిరిగాను. "మరి మీరు వండుకునేవారు కాదా?"

"బీపీ ఉంది కదా నాకు, డాక్టరు ఉప్పుచేప మానేయమన్నాడు. వాళ్ళు వచ్చాక ఈ ఇంట్లో ఎండుచేప వండిందే లేదు."

తిరిగి వస్తూ దారిపొడుగునా బావా నేనూ కీచులాడుకున్నాం. "సొంతిల్లయ్యాక ఎవుడేటంతాడే? కొనీసి అప్పుడు సూసుకుందుం," అంటాడు తను. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఓనరుతో పడకపోతే సామాను సర్దుకుని పోవచ్చు బావా. పక్కింటోళ్ళతో పడకపోతే ఎక్కడికి పోతాం? మళ్ళీ అగరుబత్తులేనా?" అని నడిరోడ్డు మీదే అరిచాను. అత్త పాపని ఎత్తుకుని నడుస్తోంది. ఇంటి దగ్గరకు వచ్చాక తేల్చేసింది. "కొనకముందే అక్కడ ఓపాలి వొండి సూద్దుం."

టీచరమ్మకు ఫోన్ చేసి అడగడానికి నాకే సిగ్గేసింది. ఆవిడ ఒకటే నవ్వు. "ఈ ఇల్లు చూడ్డానికి టేపు తెచ్చినవాళ్ళున్నారు, దిక్సూచి తెచ్చినవాళ్ళున్నారు. మూకుడు తెస్తామన్నది మీరేనమ్మా. రండి, తినలేకపోయినా వాసనైనా చూస్తాను" అంది.

ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చాక వెళ్ళాం. అత్త నెత్తళ్ళతో ఊరుకోలేదు, రొయ్యపొట్టు కూడా తెచ్చింది, దాని ఘాటు సంగతి మీకు తెలిసే ఉంటుంది. పొయ్యి వెలిగించబోతూ నేను వంటింటి కిటికీ రెక్కలు దగ్గరకు లాగేశాను. చెయ్యి దానంతటదే పోయింది.

"తియ్యే!" అని కసిరింది అత్త. "కిటికీ మూసీసి ఏటి పరీచ్చ?"

తీశాను. నూనె కాగింది. రొయ్యపొట్టు పడగానే చుయ్‌మని పొగ లేచి తిన్నగా అవతలి కిటికీలోకి పోయింది. బావ పెరట్లో గోళ్ళు కొరుక్కుంటూ తిరుగుతున్నాడు. కాసేపటికి ఎదురు కిటికీలో ఒక మొహం కనబడి మాయమైంది. పక్కింటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గోడ దగ్గరకు వచ్చేసింది.

"ఎవరమ్మా? ఏటొండుతన్నారు?"

 అత్త గరిటె పట్టుకునే బయటికి వెళ్ళింది.

"ఎండుసేపలమ్మా. ఈ ఇల్లు కొందుమనుకుంతన్నాం. మాం రోజూ ఒండుకుంతాం, దాసి సెప్పను. నీకు పడదంతే ఇప్పుడే సెప్పీ తల్లీ, మా దారిన మాం పోతాం."

"నాకు పడదు," అందావిడ నిక్కచ్చిగా. "కడుపులో తిప్పేస్తాది."

అయిపోయింది అనుకున్నాను. పాపని ఎత్తుకోవడానికి గదిలోకి తిరిగాను కూడా. వెనకనుంచి ఆవిడ గొంతు మళ్ళీ వినిపించింది.

"అలాగని మీ ఇంట్లో మీరొండుకుంతే నేను వద్దంతానా? పొయ్యి ఎలిగించేముందు ఓ కేకెయ్యండి. నా కిటికీ నేనేసుకుంతాను."

వెళ్ళి వేసుకుంది కూడా. టప్పున చప్పుడైంది. ఇన్నేళ్ళుగా అద్దె ఇళ్ళల్లో నేనే తలుపులూ కిటికీలూ మూసుకుంటూ వచ్చాను. అవతలివాళ్ళు వేసుకుంటారనే ఊహే నాకెప్పుడూ రాలేదు. ఆ ఎర్ర గచ్చు మీదే కూలబడి భోరుమన్నాను. టీచరమ్మ కంగారుపడి నీళ్ళు తెచ్చింది. అత్త మాత్రం, "ఏడుపు తరవాత, ముందు మాడిపోతంది సూడే!" అంది.

కొన్నాం. స్లాబు మూల బాగుచేయించాం. చెమ్మ గోడ అలాగే ఉంది, దాని మీద పాప బొమ్మలు గీసేస్తోంది. వైరింగు బావే కొంచెం కొంచెంగా మారుస్తున్నాడు. పక్కింటావిడ తోటకూర ఇస్తుంది, మేము ఊరినుంచి తెచ్చిన కొబ్బరికాయలు ఇస్తాం. మా వంట మీద ప్రేమేమీ పెరగలేదు ఆవిడకి, కొంగు ముక్కు మీద ఇంకా అలాగే ఉంటుంది. రోజూ వంటవేళకి అత్త పెరట్లోకి వెళ్ళి, "అమ్మా, ఏస్తన్నానూ!" అని కేకేస్తుంది. అవతల టప్‌మంటుంది. నేను మా కిటికీ బార్లా తెరిచి మూకుట్లో నూనె పోస్తాను.

ఇప్పుడు అత్త గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని తింటుంది. ఎంతసేపైనా తింటుంది. మధ్యలో వీధంతా వినబడేలా నన్ను పిలుస్తుంది. "ఒసే, ఇంకో రెండు ముక్కలట్టుకురాయే!"