ఒలింకా అక్క టోపీ, మార్ఫా హెల్మెట్

మా అక్క ఒలింకా కుట్టిన బీవర్ బొచ్చు టోపీ పెట్టుకుంటే, చలికాలం వచ్చిన సంగతి చెవులకు తెలియదు. నది పొడవునా ఉన్న ఊళ్లల్లో అందరూ అనే మాటే ఇది. అక్క అయితే ఎవరూ అడక్కపోయినా అంటుంది. బొచ్చు తడిమి అది ఏ వాగులో దొరికిన జంతువో చెప్పేస్తానని కూడా అంటుంది. అది మాత్రం శుద్ధ అబద్ధం.

మా ఊరికి రోడ్డు లేదు. నది గడ్డకడితే అదే రోడ్డు, దాని మీద మోటారు మంచుబండ్లు. బండెక్కే పిల్లలందరికీ ఆరోగ్య కార్యకర్త వాసిలీ హెల్మెట్లు తెప్పించి పంచాడు. మా వాళ్లు బుద్ధిగా తీసుకుని అక్క టోపీల మీద బోర్లించారు. తల్లులకూ తృప్తి, అక్కకూ తృప్తి.

అక్క కొడుకు ఎవాన్‌కి మార్ఫా అని ఏడేళ్ల కూతురు. ఆ ఏడు కింది ఊళ్లో, డప్పుల ముందు దాని తొలి నాట్యం. మాలో తొలి నాట్యం చేశాకే బిడ్డ ఊరందరి బిడ్డవుతుంది. బయల్దేరే ముందురోజు వాసిలీ వచ్చి, మార్ఫా హెల్మెట్ పట్టీ బిగించి ఉండగానే వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. అది జారి పిల్ల ముక్కు మీదకొచ్చి పడింది.

“అత్తా, ఇది హెల్మెట్ కాదు, కుండ మీద మూత! బండి బోల్తా పడిందంటే తలొక దారి, ఇదొక దారి. కింద ఆ టోపీ తీసెయ్.”

“తీసేస్తే చెవులు రాలిపోతాయిరా! నీవంటే దుప్పి చెవులు, సగం పోయినా ఇంకా మిగులుతాయి.”

“తలే పోతే చెవులెక్కడ పెట్టుకుంటుందత్తా?”

“అయితే అదసలు వెళ్లనే వద్దు!” అనేసింది అక్క.

మార్ఫా ఘొల్లుమంది. ఎవాన్ పని అడకత్తెరలో పోకచెక్క. నాకు ఒళ్లు మండింది.

“నీ టోపీ పరువు కోసం పిల్ల నాట్యం ఆపుతావుటే?” అని అడిగేశాను. అక్క నావైపు చూడకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

సాయంత్రం మనసాగక వెళ్లి తలుపు తోశాను. అక్క తన సొంత టోపీని నిలువునా కత్తిరించి కూర్చుంది. పోయిన మా బావ ఆఖరుసారి ఉచ్చుపెట్టి తెచ్చిన బొచ్చుతో కుట్టుకున్న టోపీ అది.

“బావ గుర్తు కదే అది!”

“ఆయనే ఉంటే కత్తెర అందించేవాడు. చూస్తావేం, ఆ దారం ఇలా ఇయ్యి. తల లోపల, పెంకు మధ్యన, బొచ్చు పైన. ఈపాటి సంగతి ఇన్నాళ్లూ నా బుర్రకి తట్టలేదు చూడు!”

హెల్మెట్‌కు సూదిపోటు తగలకుండా పైన గుడ్డ తొడుగు వేసి, దాని అంచున ముఖం చుట్టూ, మెడ చుట్టూ బొచ్చు కుట్టింది. లోపల తలకు పలచటి ఉన్ని ముసుగు ఒక్కటే.

పొద్దున్నే వాసిలీ మళ్లీ తోశాడు, లాగాడు, ఊపాడు. హెల్మెట్ కదల్లేదు. దాంతోపాటు పిల్లే అటూ ఇటూ ఊగింది.

“మావా, నా మెడ ఊడిపోద్ది!” అని మార్ఫా అరిస్తే ఇల్లంతా నవ్వులు.

ఎవాన్ మార్ఫాను వెనక కూర్చోబెట్టుకుని బండి నెమ్మదిగా నడిపాడు. వెనక కట్టిన స్లెడ్జిలో మేం అక్కచెల్లెళ్లం. కింది ఊరు చేరగానే అక్క నాకంటే ముందు దిగి పరుగెత్తింది. పట్టీ విప్పి, హెల్మెట్ తీసి, పిల్ల చెవులు రెండూ అరచేతుల్లో పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు.

“వెచ్చగా ఉన్నాయే,” అంది నాతో. అక్క కళ్లల్లో నీళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆ రోజు మార్ఫా మధ్యలో ఒక అడుగు మరిచిపోయి, నాలుక కరుచుకుని, నవ్వేసి మళ్లీ అందుకుంది. జనానికి అది మరీ నచ్చింది. నాట్యం నచ్చితే “మళ్లీ” అని కేక వేయడం మా ఆచారం. డప్పులు ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు కేకేస్తూనే ఉన్నారు. చివరికి వాయించేవాళ్లు అలసిపోయి డప్పులు దించబోయారు. అంతలో జనం మధ్యనుంచి, టోపీ లేని తలతో, జుట్టంతా రేగిపోయి లేచి నిలబడింది పిల్ల వెళ్లనే వద్దన్న మనిషి.

“మళ్లీ!” అని అరిచింది.