ఎవ్వలు రాకపోతే వాళ్ళ జాగ

పోయిన వారం పొద్దున్నే మోకాళ్ళకు కాపడం పెట్టుకుని కూర్చుంటే ఫోను మోగింది. కొత్త నంబరు. "మేడం, మా బడిల ఒక పిల్ల ఉంది. మంచిగ ఆడ్తది. జర వచ్చి చూడుండ్రి" అంది ఒక ఆడగొంతు, గట్టిగా, ఫోను అవసరం లేనంత గట్టిగా. ఈ మాట నా జన్మలో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. పేరుకు నేను వ్యాయామ టీచర్ని. చేసిందంతా ఊళ్ళమీద పడి బాస్కెట్‌బాల్ ఆడే ఆడపిల్లల్ని వెతకడం, వాళ్ళను క్రీడా హాస్టల్ ఎంపికలకు నడిపించడం. పెళ్ళిళ్ళ పేరయ్యలైనా ఓ వయసులో విసుగొచ్చి మానేస్తారు గానీ, నన్ను రిటైరయ్యాక కూడా ఎవరూ వదల్లేదు. "నాకిప్పుడు ఓపిక లేదమ్మా, వేరే ఎవరినైనా పిలువు" అనబోతుంటే, అవతలి గొంతు కొంచెం తగ్గింది. "నేను మేడం, కొత్వాల్‌గూడ పిల్లను" అంది. నేను గుర్తుపట్టకపోవడంలో వింతేమీ లేదు. ఆ రోజుల్లో ఆ పిల్ల గొంతు విన్నవాళ్ళే తక్కువ.

మొదటిసారి ఆమెను చూడ్డానికి నన్ను రప్పించినవాడు కొత్వాల్‌గూడ బడిలో ఆటలు నేర్పే పీఈటీ. నాకు వరసకు తమ్ముడు. "అక్కా, ఒక్కసారి వచ్చిపో. గిట్లాంటి పిల్ల మల్ల దొర్కదు" అని నా ప్రాణం తీశాడు. బతుకమ్మ ఇంకా కొన్నాళ్ళుందనగా వెళ్ళాను. అక్కడివన్నీ పూలతోటలూ ఆకుకూరల మళ్ళూ ఉన్న ఇళ్ళు. ఆ రోజుల్లో బంతిపూల కోతలు కాబట్టి టీములో సగం మంది తోటల్లోనే ఉండేవాళ్ళు. వచ్చిన పిల్లల వేళ్ళు పచ్చగా, బాల్ పట్టుకుని చూస్తే దానికీ ఆ పూల ఘాటే. కోర్టు గీతలు ముగ్గు పిండితో వేసినవి. రింగు గగన్‌పహాడ్‌లో ఎవరో వెల్డింగ్ షాపతను లావుపాటి చువ్వ వంచి చేసిచ్చిందట. బాల్ కొంచెం గట్టిగా తగిలితే చాలు, తిరిగొచ్చి మొహాన కొట్టేది. అందుకని ఆ పిల్లలంతా పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా బాల్‌ను రింగులో వేసేవాళ్ళు.

మా తమ్ముడు చెప్పిన పిల్ల మొదట బాల్ తెచ్చి ఆట నడిపింది. కాసేపటికి చూస్తే రింగు కింద నిలబడి తనకంటే జానెడు పొడుగున్న పిల్లను ఆపుతోంది. ఇంకాసేపటికి దూరంగా ఓ పక్కన ఉంది, అక్కణ్ణుంచి వేసింది కూడా. ఎక్కడ పెడితే అక్కడ పుట్టి పెరిగినదానిలాగే ఆడింది. ఆట మధ్యలో పిలిచి అడిగాను, "ఏ పొజిషన్ బిడ్డా నీది?" అని. నేల చూస్తూ, "ఎవ్వలు రాకపోతే వాళ్ళ జాగల ఆడ్త మేడం" అంది. మరి తోటల్లో పని ఉన్నన్నాళ్ళూ రోజుకొకరు రారు. రాని వాళ్ళ చోటు నింపీ నింపీ ఆ పిల్లకు అన్ని చోట్లూ వచ్చేశాయి. కోచింగు పుస్తకాలు రాసేవాళ్ళకు ఈ పద్ధతి తోచి ఉండదు.

ఇంకొక సంగతి కూడా ఆ రోజే గమనించాను. ఆ బడి మీదుగానే శంషాబాద్ విమానాలు దిగుతాయి. చక్రాలు కనిపించేంత కిందుగా వస్తాయి. ఒకటి వస్తే లోపల పాఠం చెప్పే టీచరు చేతిలో సుద్దముక్కతో అలాగే ఆగిపోయి, అది పోయాక ఆగిన మాట దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆటలో అలా ఆగడం కుదరదు కదా. అరిచినా వినబడదని తెలిసి ఆ పిల్లలు అరవడమే మానేశారు. కనుబొమ్మ ఎగరేస్తే ఇటు, గడ్డం తిప్పితే అటు. చూపు ఎక్కడ పడితే బాల్ అక్కడికి వచ్చేది, అందుకునే పిల్ల అప్పటికే అక్కడ ఉండేది. నా సర్వీసులో అంత నిశ్శబ్దంగా, అంత అందంగా ఆడిన టీమును చూడలేదు. ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. ఎవరైనా చూసి ఉంటే ఏమనుకునేవారో.

హాస్టల్లో ఖాళీలు తక్కువ. పైగా ఆ ఏడు దాటితే ఆ పిల్లకు వయసు దాటిపోతుంది. వస్తే అప్పుడే రావాలి, లేకపోతే పదో తరగతి అయ్యాక ఆట ఉండదు, తోటే. వాళ్ళ బాపును కలిస్తే, ఆయన నన్నే పరీక్ష చేశాడు. "ఆడుకుంటే అన్నం పెడ్తరా మేడం?" అన్నాడు. పెడతారన్నాను. "గుడ్డు?" అదీ పెడతారన్నాను. "దినాం పెడ్తరా?" దినాం పెడతారన్నాను. ఆయన పూలబుట్ట పక్కన పెట్టి కూతురి వంక చూశాడు. "ఇగ తోలుకపోండ్రి మేడం. పిల్లకు ఆటంటే పానం" అన్నాడు. ఆ పిల్ల తలుపు వెనకనుంచి అన్నీ వింటూనే ఉంది.

ఎంపికలు నగరంలో, పైకప్పున్న స్టేడియంలో జరిగాయి. చెక్క నేల, నున్నటి బోర్డు, ఆట మొదలయ్యేదాకా సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. ఎంపిక చేసేవాళ్ళం ముగ్గురం. నేను, ఒకప్పుడు పేరు మోసిన ఆటగాడైన పెద్దాయన, ఓ కుర్ర కోచ్. ఎక్కడెక్కడి పిల్లల్నో కలిపి టీములు చేశాం. అందరూ "బాల్, బాల్" అని గొంతులు చించుకుంటున్నారు. ఈ పిల్ల మాత్రం కనుబొమ్మ ఎగరేసింది, బాల్ వదిలింది. అక్కడ ఎవరూ లేరు. బాల్ పోయి గోడకు తగిలింది. మళ్ళీ గడ్డం తిప్పింది. మళ్ళీ గోడకే. అంతలో ఎవరో పిల్ల మడమ పట్టుకుని వెనకబడితే, అలవాటు కొద్దీ తన చోటు వదిలి ఆ చోటికి పరుగెత్తింది. విరామంలో దగ్గరికి పిలిచి, "నోరు తెరిచి ఒర్రు బిడ్డా, వీళ్ళకు నీ చూపు తెల్వదు" అన్నాను. తలూపింది. లోపలికెళ్ళి ప్రయత్నించింది కూడా. పక్కింట్లో తోడుకు పెరుగు అడిగినట్టు "బాల్" అంది. ఎవరికి వినబడుతుంది?

చివర్లో పెద్దాయన అడిగాడు, ఏ పొజిషన్ అని. ఏం చెబుతుందో నాకు తెలుసు. "ఎవ్వలు రాకపోతే వాళ్ళ జాగ సార్" అంది. కుర్ర కోచ్ నవ్వాపుకోలేకపోయాడు. ఆమె బయటికెళ్ళాక నేను పోట్లాడాను. అన్ని చోట్లా ఆడగల పిల్ల, బడి మీదుగా విమానాలు పోతుంటాయి, అందుకే అరవదు, నెల రోజులిస్తే సర్దుకుంటుంది అన్నాను. "ఇక్కడ విమానాల్లేవు కదా మేడం" అన్నాడు పెద్దాయన నింపాదిగా. "బాగానే ఆడుతుంది. కానీ ఈ అమ్మాయికి తన చోటేదో తెలియదు." నేను ఒక్కదాన్ని, వాళ్ళిద్దరు. ఎంత వాదించినా వెయిటింగ్‌లో మొదటి పేరు దాకానే తేగలిగాను.

పెద్దాయన అన్న మాటా, ఎంపికైనవాళ్ళలో ఎవరైనా చేరకపోతే ఆ సీటు మీదేననీ ఆ పిల్లకూ వాళ్ళ బాపుకూ చెప్పాను. పాపం, ఆయన ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. తోట పని ముగిశాక ఫోను చేసేవాడు. "మేడం, ఎవ్వలన్న రాలేదా?" లేదు, ఇంకా గడువుంది అనేదాన్ని. "వానలు గట్టిగ పడ్తున్నయి మేడం, దూరమోళ్ళకు వచ్చుడు కష్టమే గదా" అనేవాడు ఆశగా. ఒకరికి చెడు కోరడం ఆయనకు చేతకాదు. అందుకని భారమంతా వానమీద వేశాడు. నేనూ రోజూ హాస్టల్ ఆఫీసుకు ఫోను చేస్తూనే ఉన్నాను. బడి టీములో ఎన్నడూ అందరూ వచ్చింది లేదు, ఆ పిల్ల వంతు వచ్చేసరికి ఆ ఏడు హాస్టల్‌కు అందరూ వచ్చారు. ఆఖరి పిల్ల కూడా ట్రంకుపెట్టెతో దిగిందని చెప్పినప్పుడు ఆయనే నన్ను ఓదార్చాడు. "పోనియ్యుండ్రి మేడం, మీరు మాత్రం ఏం చేస్తరు" అన్నాడు. ఆ తర్వాత చాలామంది పిల్లల్ని చూశాను, కొందరికి సీట్లు ఇప్పించాను. కానీ ఆ పనిలో నాకున్న సరదా మాత్రం ఆ ఫోను పెట్టేసిన రోజే పోయింది.

మోకాళ్ళు వద్దంటున్నా మొన్న వెళ్ళాను. ఆరాంఘర్ దాటాక అన్నీ హోర్డింగులే, రోడ్డుకు అలుపన్నది లేదు. ప్రైవేటుగా పరీక్షలు కట్టి, కోర్సు చేసి, ఆ పిల్ల ఇప్పుడు శంషాబాద్‌లో ఓ బడిలో పీఈటీ. మెడలో ఈల, కళ్ళకింద నీడలు. బాపు బాగున్నాడని, తోట మాత్రం లేదని చెప్పింది. తాను చూడమన్న పిల్లను చూపించింది. రింగు కింద స్తంభంలా నిలబడి ఉందా పిల్ల. "ఏ పొజిషన్?" అనడిగాను, అలవాటుగా.

"సెంటర్ మేడం. గదొక్కటే."

"మిగతావి రావా?"

"అన్నీ వస్తయ్. నేనే ఆడనిస్తలే" అంది. ఆగి, "ఒర్రుడు గూడ నేర్పిన" అంది.

అంతలో విమానం వచ్చింది. కోర్టు మీద నీడ పారింది. ఆ పిల్ల మెడ నరాలు ఉబ్బేలా "బాల్" అని అరుస్తోంది. ఒక్క అక్షరం వినబడడంలేదు, అయినా అరుస్తూనే ఉంది. అదే సమయానికి ఓ పక్కన ఆడే పిల్ల షూ లేసు ఊడి వంగింది. సెంటర్ పిల్ల చూపు చటుక్కున ఆ ఖాళీ మీద పడింది. కాలు అటు కదిలింది. నా పక్కనున్న కొత్వాల్‌గూడ పిల్ల ఈల ఊదింది, విమానం మోతలోనూ వినబడేంత గట్టిగా. కాలు వెనక్కి వెళ్ళింది.

ఈ సెంటర్ పిల్లకు సీటు వస్తుంది, నాకు తెలుసు. అయినా ఏడుపొచ్చింది, దుమ్మని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను. తన చోటు తెలియదని ఆనాడు ఎంపికల్లో ఆ పెద్దాయన ఒక్క నిమిషంలో అనేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆ మాట కొత్వాల్‌గూడ పిల్ల మెడలో ఈలగా మారడానికి ఇన్నేళ్ళు పట్టింది.