నేను శుభ్రం చేసిన కొండ

ఒక్క పూటలో ఒక కొండ మీది తేనెపట్లన్నిటికీ యజమానినైపోయిన మహానుభావుణ్ణి నేను. అదెంత ఘోరంగా జరిగిందో చెబుతాను, నవ్వండి. అప్పుడు ఊరంతా నవ్వింది, మీరెందుకు ఊరుకోవాలి?

డుంబ్రిగుడ దగ్గర రిజర్వు ఫారెస్టులో పర్యాటకులు నడిచే దారిని చూసుకునే ఉద్యోగానికి విశాఖ నుంచి కొత్తగా వచ్చాను. తెల్లదొరల కాలం నాటి సరిహద్దు రాళ్లు చూపించి ఇది సర్కారు అడవి అని చెప్పడం, బెట్టుడుత అనే పెద్ద ఉడుత కనిపిస్తే అరవొద్దని జనాన్ని బతిమాలడం నా పని. సర్కారుదంటే ఎవరిదీ కాదని అప్పట్లో నా జ్ఞానం.

ఆ వేసవిలో ఎవరో పెద్ద అధికారి వస్తున్నారన్నారు. చిప్స్ కవర్లు ఏరాను, సీసాలు ఏరాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? పదిహేను పెద్ద చెట్ల మొదళ్లకు ఎవరో గడ్డి మెలేసి ముడులు కట్టి ఉంచారు. పర్యాటకుల చిలిపి పని అనుకుని పదిహేనూ కోసి పారేశాను. అధికారి రానేలేదు.

మర్నాడు పొద్దున్నే సుక్రమ్మ వచ్చింది. పక్క ఊళ్లో కొండవాలు మీద సోళ్లు, అంటే రాగులు, పండించే ముసలావిడ. ఆవిడ ముఖంలో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

"ముడి ఏటి సేసినావు, బాబూ?"

తీసేశానన్నాను, గర్వంగా. అప్పుడు నెమ్మదిగా చెప్పింది. తేనెపట్టును ముందు చూసినవాళ్లు ఆ చెట్టుకు ముడి కడతారట. ముడి ఉంటే ఇంకెవరూ చెట్టెక్కరు. దాన్ని లెక్కచేయనిది ఎలుగుబంటి ఒక్కటే. ఆవిడ తన పట్టును నెల రోజులుగా కనిపెట్టుకుని ఉంది, వానలకు ముందు ఇంట్లోకి రావలసిన సరుకంతా ఆ తేనె మీదే. ఇప్పుడు ఊళ్లో నాదంటే నాదని వాదులాట మొదలైంది.

తప్పు దిద్దుకోవాలని పరుగెత్తి, ఆ పదిహేను చెట్లకూ నా చేత్తోనే కొత్త ముడులు కట్టాను, బూటు లేసులు కట్టినట్టు అందంగా. తర్వాత సుక్రమ్మను పిలిచి చూపించాను. ఆవిడ ముడికేసి చూసింది, నాకేసి చూసింది.

"కట్టినోడిదే పట్టు, బాబూ. ఇప్పుడన్నీ నీవే. బేగి ఎక్కి దించు."

"నాకు చెట్టెక్కడం రాదమ్మా."

"మరెందుకు కట్టినావు?"

ఊరంతా వచ్చి చేరింది కానీ, నా ముడిని ఎవరూ ముట్టుకోరు. చివరికి ఊరిపెద్ద తీర్పు చెప్పాడు: ప్రతి చెట్టు దగ్గరా, అందరి ముందూ, ఇది నాది కాదని చెప్పి నేనే విప్పాలి.

ఐదో చెట్టు దాకా నేనూ వాళ్లతో పాటు నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు. ఈ అడవి సర్కారుదని రోజూ చెప్పిన నోటితోనే, అదే అడవిలో పదిహేనుసార్లు ఇది నాది కాదన్నాను. నిజంగా సిగ్గేసింది. నేను విప్పిన చోటల్లా, ఊరంతా చూస్తుండగా, ఎవరి ముడి వాళ్లు కట్టుకున్నారు, వాదులాట లేకుండా. సుక్రమ్మ తన తేనె దించుకున్నాక నాకూ ఆకు దొన్నెలో కొంచెం తెచ్చింది.

ఆ తేనె సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో అడవిలో గడ్డిపోచ కూడా ముట్టుకోను. పోయిన వారం నా బండి హ్యాండిలుకు ఎవరో గడ్డి ముడి కట్టి వెళ్లారు. ఎవరో తెలియలేదు. అప్పటినుంచి డ్యూటీకి నడిచే వెళ్తున్నాను.