చెడ్డగాలి, ఎర్రమన్ను

ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తరువాతి నా చదువంతా టెక్కలి గ్రంథాలయంలోనే. పలాసలో జీడిపప్పు డబ్బాలకు సీలు వేసే పని నాది. సెలవు దొరికితే సైకిలెక్కేవాణ్ణి. అక్కడి బీరువాలో ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. గ్రంథాలయాధికారి దాన్ని బల్ల మీద పెట్టే ముందు జీడి మరకలున్న నా వేళ్ల వంక చూసి, "చేతులు కడిగావా?" అని అడిగేవాడు. ప్రతిసారీ కడిగే వెళ్లేవాణ్ణి. మరకలే పోయేవి కావు.

ఆ ఏడు మా ఉద్దానం ఊళ్లకు మలేరియా మందు కొట్టేవాళ్లు వస్తారని చాటింపు వేశారు. మా అక్క ఏడో నెలతో పురిటికి మా ఇంటికి వచ్చి ఉంది. కిందటిసారి ఈ చలిజ్వరమే తగిలి కడుపు పోయింది. ఈసారైనా బిడ్డ దక్కాలని అమ్మ మొక్కని దేవత లేదు. నా వంతు సాయంగా నేను నిఘంటువు తెరిచాను.

మా ఊళ్లో అందరూ 'మలేరి జొరం' అనేవారు. రెండో అక్షరాన్ని ఒత్తి పలకాలని, చివరి 'యా' మింగకూడదని తెలుసుకున్నాను. మాట పక్కనే దాని పుట్టుక రాసి ఉంది. ఇటలీ వాళ్ల మాటట. మొదటి ముక్కకు చెడ్డ అని, రెండోదానికి గాలి అని అర్థం. ఇంటికి వస్తూనే అమ్మకు చెప్పాను.

"సెడ్డగాలని మీ తాతే సెప్పేవోడురా. దానికి టెక్కలి దాకా సైకిలు తొక్కాలేటి?" అంది అమ్మ.

నాలుగు రోజులకు పంపులతో మందు కొట్టేవాళ్లు వచ్చి వెళ్లారు. గోడల నిండా తెల్ల చారలు, ఇల్లంతా ఘాటు వాసన. అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

అమ్మ నా వైపు తిరిగి, "ఈ కంపు మాత్రం మంచిగాలేటి? సెప్పు, సదువుకున్నోడివి" అంది.

తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక, "అదీ చెడ్డగాలే" అనేశాను.

మర్నాడు అమ్మ ఎర్రమన్నులో పేడ కలిపి గోడలన్నీ అలికేసింది. మా వైపు ఇల్లు మైలపడితే చేసే పని అదే. చారలు పోయాయి, వాసనా తగ్గింది. మన్ను తట్టలు మోసింది నేనే.

వారం తిరక్కుండా తనిఖీకి ఒకాయన వచ్చాడు. పక్క ఊరివాడే. గోడ మీద వేలు రాసి చూసుకున్నాడు.

"మందేదీ, అత్తా?"

"అలికేసినాను బావూ. సెడ్డగాలని మావోడే సెప్పినాడు."

ఆయన నవ్వలేదు. "దోమ కుట్టి, రగతం తాగి, బరువెక్కి గోడ మీద వాల్తాది. అక్కడ మందుంటే సత్తాది. నువ్వు దానికి పరుపేసినావు."

గుమ్మంలో నిలబడ్డ అక్క రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. నేను నిఘంటువు సంగతి ఎత్తాను.

"పుట్టుక సరే, దాని కింద ఏటుందో సదివినావా?" అన్నాడు ఆయన.

చదవలేదు. పుట్టుక చూసిన సంబరంలో పుస్తకం మూసేశాను.

అప్పుడే సైకిలు తీశాను. పంపువాళ్లు జలంత్రకోటలో దొరికారు. బతిమాలి మర్నాడు తీసుకొచ్చి మళ్లీ కొట్టించాను. తరువాత చాలా రోజులు అమ్మ పూటకోసారి అక్క నుదురు తడిమి చూసేది. ఆ మధ్యలో టెక్కలి వెళ్లి మిగిలిన నాలుగు పంక్తులూ చదివాను. చెడ్డగాలి అన్నది పాతకాలం వాళ్ల నమ్మకమని, జ్వరాన్ని మోసేది దోమేనని స్పష్టంగా ఉంది.

అక్కకు జ్వరం రాలేదు. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది.

పురుడు కడిగే రోజున అమ్మ ఎర్రమన్ను తడిపి, గోడ ముందు ఆగి నన్ను పిలిచింది.

"ఈసారి కిందదాకా సదివే సెప్పు. గోడ అలకొచ్చునేటి?"

"నేలొక్కటే అమ్మా."

వచ్చిన చుట్టాలు గోడల వంక చూసి మూతి విరిచారు. అమ్మ పట్టించుకోలేదు. తెల్ల చారల గోడల మధ్యనే ఉయ్యాల కట్టింది.