అక్కకి వచ్చిన ఫోను

రాజమండ్రిలో మెడికల్ కాలేజీ పిల్లలకు నేను మందుల గురించి పాఠాలు చెబుతాను. మొన్న వేసవిలో కోనసీమలోని మా అక్క ఇంటికి వెళ్ళేసరికి, ఆవిడ కొడుక్కి ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తోంది. బెంగళూరు నుంచి సెలవు మీద వచ్చిన దగ్గర్నుంచీ వాడు అన్నం తినడం లేదట, ఎవరితోనూ మాట్లాడడం లేదట.

"తప్పు నాదేనే. శనివారం ఫోన్ చేసి, నువ్వంటే నాకెంత ఇష్టమో అమ్మా అని ఏడ్చేశాడు. బుద్ధెరిగాక ఎప్పుడూ అలా అనలేదు. ఆగలేక వీధంతా చెప్పుకున్నాను. దిష్టి తగలదూ మరి!" అంది అక్క.

వాణ్ణి కాలవగట్టుకి తీసుకెళ్ళి గట్టిగా అడిగితే, ఆ శనివారం పార్టీలో ఎక్‌స్టసీ అనే మత్తుబిళ్ళ వేసుకున్నానని ఒప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వేసవిలో కాలవ కట్టేసిన రోజులవి. అడుగున బురద తప్ప చుక్క నీరు లేదు. అదే చూపించాను.

"మెదడులో సెరటోనిన్ అని ఒకటుంటుందిరా. మనసు కుదురుగా ఉండడానికి దాన్ని మెదడు కొంచెం కొంచెంగా వదులుతుంది. నీ బిళ్ళ కాలవ లాకుల తలుపులెత్తినట్టు అన్నీ ఒక్కసారే ఎత్తేసింది. ఆ రాత్రి ప్రేమంతా వరదలా పొంగింది, ఇప్పుడు అడుగంటింది. మళ్ళీ నిండేదాకా కొన్నాళ్ళు ఇలాగే ఉంటుంది."

"ఇంకోటి వేసుకుంటే తగ్గదా పిన్నీ?"

"ఎండిన కాలవకి లాకులెత్తితే ఏమొస్తుందిరా వెధవా?"

మేం ఇంటికొచ్చేసరికి అక్క ఆ మిరపకాయల్ని నిప్పుల్లో వేసింది.

"చూశావా, ఘాటే రాలేదు. ఎంత దిష్టి తగిలిందో! అయినా ఆ ఒక్క మాట చాలే నాకు," అంది నవ్వుతూ.

ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన నాకు, ఆ ఫోను చేయించింది బిళ్ళేనని చెప్పడానికి నోరు రాలేదు.