కాస్త పైకి జరగండి

రాజమండ్రిలో మా డీటీపీ షాపులో పనిచేసిన ఆవిడ కంప్యూటర్‌తో కూడా మర్యాదగానే మాట్లాడేది. నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేసి నడిపించే రోజులవి. మౌసును నడిపే చిన్న ప్రోగ్రాములాంటివన్నీ కంప్యూటర్లో కింది మెమరీ అనే ఇరుకు చోట్లోనే తిష్ఠ వేసేవి. అక్కడ చోటు లేకపోతే మా తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది కాదు. అప్పుడావిడ ఒక ఫైలు తెరిచి, ఒక్కోదాన్నీ పై మెమరీకి పంపేది. పంపుతూ, బస్సులో సీటు అడిగినట్టు చెయ్యి కదిపేది.

“మౌసు గారూ, కాస్త పైకి జరగండి. పెళ్ళివారొచ్చారు.”

ఓ మాఘమాసంలో శుభలేఖ కోసం పెళ్ళికొడుకు తండ్రి వచ్చి కూర్చున్నాడు. ఎంత సర్దినా చోటు చాల్లేదు. ఆవిడ ఆ ఫైల్లోంచి మౌసు పేరున్న వరసే తీసేసి, కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేసి, కీబోర్డు మీటలతోనే శుభలేఖ పూర్తిచేసింది.

“మౌసు ముట్టుకోరేంటండీ?” అన్నాడాయన.

“ఆయన అరుగు మీద కూర్చున్నారండి. భోజనాలయ్యాక పిలుద్దాం.”

ఇంటికెళ్ళేముందు మర్చిపోకుండా ఆ వరస మళ్ళీ రాసి, “రండి, లోపలికి రండి” అంది.

తర్వాత కొత్త కంప్యూటరొచ్చింది. అందులో ఎవర్నీ జరగమనక్కర్లేదు. ఆవిడ అమలాపురంలో ఏదో బళ్ళో చేరిందన్నారు.

మొన్న కాకినాడ బస్సులో పక్కనుంచి ఒక ఆడగొంతు, “కాస్త జరుగుతారా అండీ?” అంది. తలెత్తకుండానే జరిగాను. తర్వాత చూస్తే ఆవిడ కాదు.

“చాలండి, చాలండి” అంటోందామె. నేనింకా జరుగుతూనే ఉన్నాను.